గోడ దాటే బొమ్మ, గడప తెలిసిన ఇల్లు

గత షవ్వాల్ నెలలో మా అన్నగారి పెద్దబ్బాయి నిఖా జరిగింది. అసర్ నమాజు ముగిసిన పిదప మా మొహల్లా మస్జిదులోనే ఖాజీ సాహెబు నిఖా చదివించారు. శాలిబండలోని మా ఇంటికీ ఆ మస్జిదుకూ నడుమ రెండు మలుపుల గల్లీ తప్ప వేరే దూరం లేదు. అయినా ఆ రోజు మా అమ్మగారికి ఆ మస్జిదు జెద్దా అంత దూరమైంది. రంజాన్‌కు ముందు ఆమె జారిపడ్డారు. తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగింది. అప్పటినుంచి మేడ మీది గదిలో మంచానికే పరిమితమయ్యారు. పిల్లలు మొదలుకొని మా వరకు ఇంట్లో అందరమూ ఆమెను దాదీమా అనే పిలుస్తాము. మొదటి మనవడి నిఖాను కళ్లారా చూడాలన్నది ఎన్నేళ్లుగానో ఆమె చేస్తున్న దుఆ.

"దిగులెందుకు దాదీమా, నిఖానే మీ గదికి తెస్తాము" అన్నది మా చిన్నమ్మాయి. ఏర్పాటంతా ఆమెదే. మస్జిదులో మా మేనల్లుడు ఫోను పట్టుకుని వీడియో కాల్ చేస్తాడు. మేడ మీద మా అమ్మాయి తన ఫోనులో ఆ కాల్ అందుకుంటుంది. ఆ తెర మీది బొమ్మను ఏ తీగా లేకుండా, మంచానికి ఎదుట గోడకున్న పెద్ద టీవీకి పంపుతుంది. ముందురోజు రాత్రి ఇద్దరూ సరిచూసుకున్నారు. బొమ్మ అద్దంలో చూసినట్టు వచ్చింది.

మరునాడు మస్జిదు నిండిపోయింది. టీవీ తెర మీద పెండ్లికొడుకు సెహ్రా కనిపించగానే దాదీమా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. పెండ్లికూతురి అంగీకారాన్ని వకీలూ సాక్షులూ తెలియజేసిన మాట వినిపించింది. ఖాజీ సాహెబు వరుని వైపు తిరిగారు. సరిగ్గా అక్కడ బొమ్మ నిలిచిపోయింది. మాట తెగిపోయింది. తెర నడుమ ఒక చిన్న చక్రం గిరగిర తిరగసాగింది. మళ్లీ బొమ్మ వచ్చేసరికి మస్జిదులో అందరూ లేచి ముబారక్ చెప్పుకుంటున్నారు, ఖర్జూరాలు పంచుతున్నారు. దాదీమా మా అమ్మాయి ముఖంలోకి చూసి, "బేటీ, ఇంతకీ వాడు ఖుబూల్ అన్నాడా, లేదా?" అని అడిగారు. గదిలో ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ ప్రశ్నే ఈ నెల మా శీర్షికకు విషయమైంది. తీగ లేకుండా ఫోను బొమ్మను టీవీకి పంపడం ఇవాళ మన ఇళ్లలో వింత కాదు. 2020లో లాక్‌డౌన్ నడుమ రంజాన్ వచ్చి, మక్కా మస్జిదుతో సహా మస్జిదుల తలుపులు సాధారణ నమాజీలకు మూసి ఉన్న రోజుల్లో చాలా కుటుంబాలు ఈ పని నేర్చుకున్నాయి. దూరాన ఉన్న బిడ్డలను చిన్న తెర మీద చూసి తృప్తి పడలేని పెద్దలకు పెద్ద తెర కావలసివచ్చింది. అయితే మీట నొక్కడం నేర్చుకున్నామే గాని, ఆ బొమ్మ ఏ దారిన వస్తుందో, ఎందుకు ఆగుతుందో, ఎవరి ఇంటికి పోగలదో నేర్చుకోలేదు. ఈ మూడు ప్రశ్నలకూ మా ఇల్లే మాకు పాఠశాల అయింది. మేము నేర్చుకున్నది పాఠకుల ముందు పెడుతున్నాము.

బొమ్మ బరువు ఎంత?

ఫుల్ హెచ్‌డీ అని మనం పిలిచే తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. గుణించి చూస్తే 20 లక్షల 73 వేల పైచిలుకు. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. కదలిక నునుపుగా కనిపించడానికి సెకనుకు 60 బొమ్మలు మారాలి. ఈ లెక్కన సెకను దృశ్యానికి దాదాపు 300 కోట్ల బిట్లు అవుతాయి. ఇంటికి 100 మెగాబిట్ల కనెక్షన్ తీసుకున్నవారికి సెకనుకు వచ్చేది 10 కోట్ల బిట్లు. అంటే ఉన్నదున్నట్టుగా పంపితే దాదాపు ముప్పయ్యో వంతు మాత్రమే పడుతుంది.

కాబట్టి బొమ్మను మడతపెట్టి పంపుతారు. ఈ మడత విద్యలో ఎక్కువ వాడుకలో ఉన్నది 2003లో వచ్చిన హెచ్.264 అనే పద్ధతి. దాని కిటుకు సులువైనది. ఒక పూర్తి బొమ్మను పంపి, ఆ తరువాత మారిన భాగాన్ని మాత్రమే పంపుతారు. ఖాజీ సాహెబు కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ వెనుక గోడ మారదు, తివాచీ మారదు. మారేది ఆయన పెదవులూ చేయీ మాత్రమే. అందువల్ల 300 కోట్ల బిట్ల దృశ్యం సెకనుకు 50 నుంచి 80 లక్షల బిట్లలో ఇమిడిపోతుంది.

ఇందులోనే రెండు చిక్కులు దాగి ఉన్నాయి. జనం ఒక్కసారిగా కదిలితే మారిన భాగం పెరుగుతుంది, బొమ్మ బరువు ఉన్నట్టుండి హెచ్చుతుంది. రెండవది, మార్పులను మోసుకొచ్చే ముక్కల్లో ఒకటి దారిలో పోతే దాని మీద ఆధారపడిన తరువాతి బొమ్మలన్నీ చెదురుతాయి. ముందుగా తీసిన వీడియో అయితే టీవీ కొన్ని సెకన్ల సరుకును ముందే నిలువ చేసుకుని ఈ లోటును కప్పిపుచ్చగలదు. ప్రత్యక్షంగా నడిచే కాల్‌కు ఆ వీలు లేదు. జరగని మాటను ముందే నిలువ చేయడం ఎవరి తరమూ కాదు. వరుని చుట్టూ అందరూ ముందుకు వంగిన క్షణంలోనే మా బొమ్మ ఆగడానికి ఇది ఒక కారణం. అదొక్కటే అయితే తట్టుకునేదేమో. మిగిలిన కారణాలు మా ఇంట్లోనే ఉన్నాయి.

మూడు దారులు

ఇంట్లో బొమ్మ గాలిలో ప్రయాణించడానికి ప్రధానంగా ఉన్నవి రెండు దారులు. మొదటిది 2.4 గిగాహెర్ట్జ్. గోడలను దాటడంలో ఇది ఓపికైనది, దూరం పోతుంది. కాని చాలా ఇరుకు. ఇందులో ఒకదానితో ఒకటి రాసుకోకుండా నడిచే చానళ్లు 1, 6, 11 అనే మూడే. పాతబస్తీలో ఇంటి గోడా పక్కింటి గోడా ఒకటే అయిన చోట, మేడ మీద ఫోను తెరిస్తే ఇరవై ఇళ్ల వైఫై పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఆ ఇరవై ఇళ్లూ ఈ మూడు చానళ్లనే పంచుకోవాలి. వంటింట్లోని మైక్రోవేవ్ ఓవెన్ కూడా పనిచేసేది ఈ దారిలోనే.

రెండవది 5 గిగాహెర్ట్జ్. ఇది విశాలమైన దారి. మన దేశంలో ఈ దారిలో ఇంకా ఎక్కువ భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. హెచ్‌డీ బొమ్మకు సరిపడేది ఇదే. అయితే దీనికి గోడ అంటే పడదు. ఒక మందపాటి గోడ దాటేసరికి నీరసిస్తుంది, రెండోది దాటలేదు.

మూడో దారి కూడా ఒకటి తెరవబోయారు. బొమ్మను మడతపెట్టకుండా, పూర్తి బరువుతోనే గదిలో ఒక మూల నుంచి మరో మూలకు పంపాలని కొన్ని సంస్థలు కలిసి 2008లో వైర్‌లెస్ హెచ్‌డీ అనే పద్ధతిని ప్రకటించాయి. అది 60 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడిచింది. ఇంత చిన్న తరంగాల మీద 1890లలోనే కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్ ప్రయోగాలు చేశారన్నది మనం గర్వించదగిన విషయం. ఆ దారి ఎంత విశాలమంటే 300 కోట్ల బిట్లు సులువుగా పడతాయి. కాని ఆ తరంగం గోడ దాటదు. మధ్యలో మనిషి నిలబడినా బొమ్మ చెదురుతుంది. అందుచేతనే అది ఇళ్లలో నిలదొక్కుకోలేదు. గోడ దాటకపోవడాన్ని అందరూ దాని లోపంగానే లెక్కించారు. అది లోపమేనా అన్నది తరువాత చూద్దాం.

మా గోడ చెప్పిన మాట

మా ఇంటి కింది భాగం తాతగారి నాటిది. ఆయన ఖమ్మం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆ రోజుల కట్టడం కనుక రాతికి డంగుసున్నం పట్టించిన గోడలు రెండు అడుగుల మందం ఉన్నాయి. వేసవిలో చల్లగా ఉంచే గోడలవి. వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటాయి. తరంగాన్ని రాయి కొంత మింగితే, ఆ చెమ్మ మరికొంత మింగుతుంది. మేడ మాత్రం తరువాత వేసిన సిమెంటు శ్లాబు. దాని కడుపులో ఇనుప చువ్వల వల ఉంది.

ఇంటర్నెట్ తీగ వీధి వైపు నుంచి వచ్చింది కాబట్టి, రౌటర్‌ను దీవాన్‌ఖానా మూలలో, ఇనుప బీరువా వెనుక పెట్టించాము. చూపుకు అడ్డంగా ఉండకూడదని మేమే కోరి పెట్టించిన చోటు అది. ఇనుము తరంగాన్ని దాటనివ్వదు, వెనక్కి తిప్పికొడుతుంది. అంటే బీరువా, రాతిగోడ, ఇనుప చువ్వల శ్లాబు, ఈ మూడు అడ్డంకులూ దాటి దాదీమా గదికి చేరేది ఒక సన్నని దారం మాత్రమే. ముందురోజు రాత్రి ఆ దారం చాలింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు, గల్లీ అంతా నిద్రపోయింది. నిఖా రోజున చుట్టాలు వచ్చారు. అడిగినవారికల్లా షర్బత్‌తో పాటు వైఫై పాస్‌వర్డు కూడా ఇచ్చాము. నలభై ఫోన్లు ఏకకాలంలో ఫొటోలు పంపుతుంటే ఆ దారం తెగక ఏమవుతుంది?

పైగా మా అమ్మాయి ఫోనుకు ఆ రోజు మోయలేనంత పని పడింది. దీన్ని కొంచెం వివరించాలి. ఫోను బొమ్మ టీవీకి చేరడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది అద్దం పద్ధతి. ఫోను తెర మీద ఏమి కనిపిస్తే అదంతా టీవీలో కనిపిస్తుంది. 2012లో వచ్చిన మిరాకాస్ట్ ఈ కోవకు చెందినది. ఇందులో ఫోనే ప్రతి బొమ్మనూ తీసి, మడతపెట్టి, టీవీకి గాలిలో పంపాలి. రెండవది కబురు పద్ధతి. 2013లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ దీన్ని ఇంటింటికీ చేర్చింది. ఇందులో ఫోను టీవీకి "ఫలానా వీడియో ఫలానా చోట ఉంది, తెచ్చుకో" అని కబురు మాత్రం చెబుతుంది. టీవీ దాన్ని ఇంటర్నెట్ నుంచి తానే తెచ్చుకుంటుంది. ఫోను ఆపేసినా వీడియో నడుస్తుంది. 2010లో ఆపిల్ సంస్థ ఈ పేరుతో తెచ్చిన ఎయిర్‌ప్లేలో ఇప్పుడు రెండు పద్ధతులూ ఉన్నాయి.

వీడియో కాల్‌ను మేము అద్దం పద్ధతిలోనే పంపాము. అంటే ఫోను బలహీనమైన వైఫై నుంచి కాల్ అందుకోవాలి, దాన్ని విప్పి తెర మీద చూపాలి, ఆ తెరను మళ్లీ మడతపెట్టి టీవీకి పంపాలి. రాకకూ పోకకూ దానికి ఉన్నది ఒకే రేడియో. లాడ్ బజారు గల్లీలో ఎదురెదురుగా రెండు తోపుడుబండ్లు వచ్చినప్పుడు ఏమవుతుందో అదే అయింది.

మేము చేసిన సవరణలు

నిఖా ముగిసి, వలీమా ముగిసి, చుట్టాలు వెళ్లిన తరువాత తీరికగా కూర్చుని ఒక్కొక్కటే సరిచేశాము. ముందుగా బీరువా వెనుక నుంచి రౌటర్‌ను బయటికి తీసి, దాలాన్ నడుమ మనిషి ఎత్తుకు పైన గోడకు బిగించాము. దానికి ఖర్చు రెండు మేకులు. కింది గదుల్లో తేడా ఆ పూటే తెలిసింది.

మేడ సంగతి అంత తేలికగా లేదు. గోడలకు గుచ్చే రిపీటరు ఒకటి కొందామనుకున్నాము. తెలిసినవారు వద్దన్నారు. సాధారణ రిపీటరు ఒకే రేడియోతో విని, అదే రేడియోతో తిరిగి పలుకుతుంది. అందువల్ల వేగం సగానికి పడిపోతుంది. బలహీనంగా విన్నదాన్ని అది బలంగా చెప్పినా వచ్చే లాభం తక్కువ. చివరికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి నెట్‌వర్క్ కేబుల్ కొని తెచ్చాము. దాలాన్‌లోని రౌటర్ నుంచి మెట్ల వెంట ఆ తీగను మేడకు నడిపించి, దాదీమా గదిలో రెండో రౌటర్‌కు కలిపాము. ఈ తీగ 100 మీటర్ల వరకు సెకనుకు 100 కోట్ల బిట్లను మోస్తుంది. రాయి గాని చెమ్మ గాని దాన్ని ఏమీ చేయలేవు. గదిలోని టీవీని కూడా చిన్న తీగతో ఆ రౌటర్‌కే కలిపాము. ఇక గాలిలో బొమ్మ ప్రయాణించవలసింది మంచం పక్కన ఉన్న ఫోను నుంచి ఎదుటి గోడ వరకు, ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిది అడుగులకు 5 గిగాహెర్ట్జ్ దారి చక్కగా సరిపోయింది.

మాకు అర్థమైనది ఇది. గోడను తీగతో దాటించాలి, గదిలో గాలికి వదలాలి. ఇల్లు కొత్తగా కట్టుకుంటున్నవారు, మరమ్మతు చేయించుకుంటున్నవారు కరెంటు పైపులతో పాటు అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఒక ఖాళీ పైపు విడిగా వేయించుకుంటే తరువాత గోడ కొట్టించే పని తప్పుతుంది. ముఖ్యమైన ఘడియ ఉన్న రోజున మాత్రం గాలిని నమ్మకుండా, ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో నేరుగా టీవీకి కలుపుకోవడం మేలు. అతిథులకు వైఫై ఇవ్వదలిస్తే రౌటర్‌లో అతిథుల నెట్‌వర్క్ అని వేరుగా ఉంటుంది. అదే ఇవ్వాలి. ఇంటిది ఇంటికే ఉంచుకోవాలి.

ఈ చివరి మాట వేగం కోసం మాత్రమే చెప్పినది కాదు. దాని వెనుక మరో సంఘటన ఉంది.

పక్కింటికి పోయిన బొమ్మ

మేడ మీద తీగలు ఇంకా వేయించకముందు, నిఖా అయిన రెండు వారాలకు ఇది జరిగింది. మంఝా రోజున మా ఇంటి ఆడపిల్లలు తమలో తాము పాటలు పాడుకుంటూ, పసుపు పూసుకుంటూ, నవ్వుకుంటూ వీడియో తీసుకున్నారు. ఆ గదిలోకి మగవారెవరూ వెళ్లలేదు. మేమూ వెళ్లలేదు. దాదీమా ఆ వేడుక కూడా చూడలేదు కదా అని మా అమ్మాయి ఒక సాయంత్రం ఆ వీడియోను మేడ మీది టీవీకి పంపబోయింది. ఫోనులో టీవీల జాబితా వచ్చింది. దానిలో ఒకే పేరు రెండుసార్లు ఉంది. మొదటిది నొక్కింది. దాదీమా టీవీ నల్లగానే ఉంది. మళ్లీ ప్రయత్నిద్దామని ఒక నిమిషం ఆగింది.

ఆ నిమిషంలోనే కింద తలుపు దగ్గర పిలుపు వినిపించింది. పక్కింటి పెద్దమనిషి. మాకు చిన్ననాటి నుంచి పరిచయం. పరదాకు ఇవతల నిలబడి, తల వంచుకుని, "భాయీ, మీ పిల్లల వీడియో ఏదో మా టీవీలో వచ్చినట్టుంది. చూడగానే ప్లగ్గు తీసేశాను. అమ్మాయికి చెప్పండి" అని, మేము కూర్చోమంటున్నా కూర్చోకుండా వెళ్లిపోయారు. వారింట్లో మగపిల్లలు క్రికెట్ చూస్తున్నారట. అనుమతి అడుగుతూ తెర మీద ఒక ప్రశ్న వచ్చిందట. చేతిలో రిమోటు ఉన్న చిన్నవాడు ఏమిటో తెలియక సరే నొక్కాడట. ఇద్దరి టీవీలూ ఒకే మోడలు. కొన్నప్పటి పేరును రెండు ఇళ్లలో ఎవరమూ మార్చలేదు.

మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు. తన బొమ్మ కోసం కాదు. ఆ వీడియోలో ఉన్న చుట్టాల ఆడపిల్లలకు ఏమని చెప్పాలా అని. తప్పు ఆమెది కాదు, పక్కింటి చిన్నవాడిది కాదు. ఇంటి యజమానులమైన మేము తెలుసుకోవలసినది తెలుసుకోలేదు. మరునాడు మా ఇంటి స్త్రీలు వెళ్లి ఆ పిల్లల తల్లులకు జరిగినది జరిగినట్టు చెప్పివచ్చారు. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. వారు నొచ్చుకోవడం న్యాయమే.

ఇల్లే ప్రసార కేంద్రమైనప్పుడు

ఇక్కడ ఒక్క క్షణం వెనక్కి చూడాలి. 1935లో నిజాం ప్రభుత్వం డెక్కన్ రేడియో నడపడం మొదలుపెట్టినప్పుడు హైదరాబాదు ఇళ్లలోకి తరంగం గోడ దాటి వచ్చింది. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చాక బొమ్మ కూడా వచ్చింది. ఆ రోజుల్లో పెద్దల చింత ఒక్కటే, బయటినుంచి ఏమి లోపలికి వస్తోంది అని. లోపలిది బయటికి పోతుందన్న భయం లేదు. రేడియో పెట్టె వింటుందే తప్ప మాట్లాడదు. ఇప్పుడు అలా కాదు. వైఫై ఉన్న ప్రతి ఇల్లూ ఒక చిన్న ప్రసార కేంద్రం. ఆ ప్రసారం మన గడప దగ్గర ఆగదు. మన పూర్వులు గదికీ గదికీ మధ్య, ఇంటికీ వీధికీ మధ్య వేలాడదీసిన పరదా సంగతి తరంగానికి తెలియదు.

మేడ మీది గదికి బొమ్మను చేరనివ్వనందుకు మేము తిట్టుకున్న రాతిగోడ, కింది గదుల సంగతులను ఎన్నేళ్లుగానో కాపాడుతూ వచ్చిన గోడ కూడా. 60 గిగాహెర్ట్జ్ తరంగం గోడ దాటదని లోపంగా లెక్కించారన్నాము. మంఝా వీడియో విషయంలో అది లోపం కాదు, రక్షణ. గోడ చేస్తూ వచ్చిన ఆ కాపలా పనిని, గోడ దాటే సాధనం తెచ్చుకున్నవారు తామే చేయవలసి ఉంటుంది. ఎవరి ఇంటికి వెళ్లినా ముందు సలాం చెప్పి, అనుమతి వచ్చాకనే గడప దాటడం మనకు చిన్ననాడే నేర్పారు. టీవీ అడిగే నాలుగంకెల పిన్ కూడా అటువంటి సలామే. దాన్ని విసుగనుకుని తీసేయకూడదు.

ఇంట్లో పాటించవలసినవి

ఒకటి, టీవీకి కొన్నప్పటి పేరు మార్చి మీ ఇంటికే చెందిన పేరు పెట్టండి. సెట్టింగులలో పరికరం పేరు అన్న చోట ఇది ఉంటుంది. రెండు, కొత్త ఫోను టీవీకి కలిసేటప్పుడు పిన్ అడిగేలా పెట్టండి, అడగకుండానే అంగీకరించే ఏర్పాటు ఉంటే తీసివేయండి. తెలియని పేరుతో అనుమతి అడిగితే కాదనమని పిల్లలకు నేర్పండి. మూడు, పెండ్లిళ్లు, దావత్‌ల తరువాత వైఫై పాస్‌వర్డు మార్చండి. ఒకే వైఫైలో ఉన్నవారు మీ టీవీకి వీడియో పంపగలరు. కబురు పద్ధతిలో మీ టీవీలో ఏమి నడుస్తోందో ఆ వైఫైలో ఉన్న ఇతరుల ఆండ్రాయిడ్ ఫోన్లకు తెలిసే అవకాశం కూడా ఉంది. దాన్ని ఆపే మీట సెట్టింగులలోనే దొరుకుతుంది.

నాలుగు, అద్దం పద్ధతి ఫోనును ఉన్నదున్నట్టు చూపుతుంది. అంటే ఆ సమయంలో వచ్చే సందేశం, బ్యాంకు ఓటీపీ, తెరిచిన ఫొటోల పెట్టె, అన్నీ పెద్ద తెర మీద పడతాయి. ముందుగా నోటిఫికేషన్లు ఆపుకోండి, పని ముగియగానే కనెక్షన్ తెంచండి. ఐదు, ఇంటి ఆడవారి వేడుకల వీడియోలను గాలిలో పంపనే వద్దు. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చి చూడండి. బొమ్మ ఆగదు, దారి తప్పదు. ఆరు, అసలు తీసేటప్పుడే అందులో ఉన్నవారి అనుమతి అడగండి. తీయని బొమ్మ ఎక్కడికీ పోలేదు.

ఇంకొక్క మాట. ఈ సాధనంలో మేము మంచి కూడా చూశాము. చేతిలోని చిన్న తెర మనిషిని మూలకు లాక్కుపోతుంది. అదే బొమ్మ గోడ మీదికి వస్తే ఇల్లంతా చుట్టూ చేరుతుంది. పిల్లలు ఏమి చూస్తున్నారో అడగవలసిన పని లేకుండానే తెలుస్తుంది. నచ్చనిది వస్తే అక్కడే మాట్లాడుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పుడు రాత్రి భోజనమయ్యాక పిల్లల పాఠాలైనా, వంటల వీడియోలైనా దాదీమా గదిలోనే నడుస్తున్నాయి. ఆమెకు తోడూ అయింది.

బక్రీద్ రోజు

పెండ్లికొడుకు సెలవు ముగిసి జెద్దా వెళ్లాడు. బక్రీద్ రోజున జొహర్ తరువాత అతని కాల్ వచ్చింది. మా చిన్నమ్మాయి ఫోను అందుకుని, నోటిఫికేషన్లు ఆపి, జాబితాలో మేము పెట్టిన కొత్త పేరు చూసుకుని, పిన్ కొట్టి టీవీకి పంపబోతుండగా దాదీమా చేయెత్తి ఆపారు. దుపట్టా సరిచేసుకుని, "అటువైపు వాడొక్కడేనా, గదిలో ఇంకెవరైనా ఉన్నారా అడుగు" అన్నారు. గదిలో ఉండే ఇద్దరు స్నేహితులు అప్పుడే బయటికి వెళ్లారని తెలిశాకనే సరే అన్నారు. మేము ఇన్ని పేరాల్లో చెప్పినది ఆమెకు ఎవరూ నేర్పనవసరం లేదని అప్పుడు అనిపించింది.

బొమ్మ వచ్చింది. ఎనిమిది అడుగుల గాలి, ఇరవై మెట్ల తీగ, ఆ పైన సముద్రం. ఎక్కడా చక్రం తిరగలేదు. సలాములు, ఈద్ ముబారక్‌లు అయ్యాయి. కుశల ప్రశ్నలు అయ్యాయి. దాదీమా కాసేపు మనవడి ముఖం చూస్తూ ఊరుకున్నారు. తరువాత, "ఆ రోజు నా దగ్గరికి నీ మాట రాలేదు బేటా. ఇప్పుడు చెప్పు" అన్నారు.

అతనికి ముందు అర్థం కాలేదు. మా అమ్మాయి చెప్పాక నవ్వాడు. తరువాత నవ్వు ఆపుకుని, టోపీ సర్దుకుని, సరిగ్గా కూర్చుని, "ఖుబూల్ కియా" అని మూడుసార్లు అన్నాడు. మూడింటినీ ఆమె విన్నారు.